రాహుకాలంలో నాలుగు చుట్లు

1999 మార్చి 7, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు మా ఆయన టీమ్ మేనేజరయ్యారు. సమయం ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం, అప్పుడు నా చేతిలో స్టాప్‌వాచీ ఉంది. ఆయన చేతిలో ఒక అట్ట, దానికి బిగించిన కాయితం, చెవి మీద పెన్సిలు. అంతకు ముందు ఏడేళ్ల తొమ్మిది నెలలుగా ఆయన చేతిలో టీవీ రిమోటు తప్ప మరో పనిముట్టు నేను చూడలేదు.

స్పీడ్‌వే అంటే ఏమిటో ముందు చెప్పాలి. కోడిగుడ్డు ఆకారంలో మూడు వందల మీటర్ల మట్టి దారి ఉంటుంది. నలుగురు మోటారు సైకిళ్ల మీద ఒకేసారి బయలుదేరి నాలుగు చుట్లు తిరుగుతారు. ఎప్పుడూ ఎడమకే తిరగాలి. బండికి గేరు ఒకటే. బ్రేకులు ఉండవు. మొదటివాడికి మూడు పాయింట్లు, రెండోవాడికి రెండు, మూడోవాడికి ఒకటి, చివరివాడికి సున్నా. మా పెళ్లయిన నాలుగో ఏట, 1978లో, ఇండియా నుంచి ఈ ద్వీపానికి వచ్చి ఇక్కడి షిప్‌యార్డులో ఫిట్టరుగా ఉండగా ఆయన ఇది మొదలుపెట్టారు. బ్రేకులు లేని బండి ఆయన స్వభావానికి సరిపోయింది. మాట్లాడేటప్పుడు కూడా ఆయనకు అవి ఉండవు.

మలుపు దగ్గర ఎడమకాలు కింద పెట్టి మట్టిలో జారుస్తూ తిరగాలి. అందుకోసం ఎడమ బూటు కింద ఇనుప రేకు కట్టుకుంటారు. అయినా బూటు అరుగుతుంది. పదమూడేళ్లలో ఎడమ బూట్లు పదకొండు అరిగిపోయాయి. కుడివి పదకొండూ మంచిగానే ఉండేవి. పారేయడానికి చేతులు రాక మంచం కింద వరసగా పెట్టాను. ఒకసారి చీపురు వెతుకుతూ వంగి చూసిన పక్క ఫ్లాటు తమిళావిడ, మీ ఇంట్లో ఎవరికైనా ఒక కాలు లేదా అని నన్ను రహస్యంగా అడిగింది.

ఆయన పందేలు నాలుగు వందల పన్నెండు. మొదటి స్థానాలు అరవై ఒకటి. పడటాలు ముప్ఫై తొమ్మిది. ముప్ఫై తొమ్మిదోది 1991 జూన్ 9న, మధ్యాహ్నం మూడూ ఇరవైకి. తుంటి ఎముక విరిగి మూడు మరలు పెట్టారు. ఇంకోసారి అదే వైపు పడితే నడక మీద ఆశ వదులుకోవాలని డాక్టరు చెప్పాడు. ఆ రాత్రే ఆసుపత్రి మంచం మీద మా ఆయన నా చేతిలో చెయ్యేసి, ఇక బండి ఎక్కనని మాట ఇచ్చారు. ఆ తేదీ కూడా రాసుకున్నాను.

అందుకే మేనేజరు పని వచ్చినప్పుడు నేను అడ్డు చెప్పలేదు. మేనేజరు బండి ఎక్కక్కర్లేదు. ఎవరు ఏ పందెంలో దిగాలో, ఎవరిది ఎర్ర హెల్మెట్టో, ఎవరిది నీలమో కాయితం మీద రాయాలి. ఫ్యాక్టరీల అవతల ఖాళీ స్థలాన్ని ఒక క్లబ్బు వాడుకుంటోంది. అందులో నాలుగు టీములు. ఏడాది చివర అడుగున ఉన్న టీము తప్పుకోవాలి. మా ఆయన టీములో ఆడేవాళ్లు ముగ్గురు. మొదటివాడు మేముండే జురాంగ్ వెస్ట్ పేటలోనే షెడ్డు నడిపే చైనీస్ మెకానిక్కు. రెండోవాడు పాయా లేబర్‌లో ఆఫీసున్న హైదరాబాదీ ముస్లిం ఇంజనీరు, అందరూ భాయ్ అనేవారు. మూడోవాడు క్లెమెంటిలో గది అద్దెకు తీసుకున్న హన్మకొండ ఇంజనీరు. ముగ్గురిలో వేగం ఇతనిదే.

టీము ఫారంలో నాలుగో గడి రిజర్వు ఆటగాడిది, ఎవరైనా దిగలేకపోతే బదులు దిగేవాడిది. అందులో మా ఆయన పేరు కనిపించింది.

"ఇదేమిటి?" అన్నాను.

"ఖాళీగా ఉంటే ఫారం తీసుకోరే. ఉత్తినే రాశాను."

"ఉత్తినే రాసేవాళ్లు పెన్సిల్‌తో రాస్తారు. ఇది పెన్నుతో ఉంది."

"పెన్సిలు చెవి మీదుంది. అందలేదు."

నేను టైము చూసేదాన్ని. ఇంట్లో పిల్లలకు లెక్కల ట్యూషను చెప్పే నాకు అది కష్టం కాలేదు. మైదానానికి రాగానే నా మడత కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి చోప్ చేసేదాన్ని, అంటే ఆ చోటు నాదని పట్టిపెట్టుకునేదాన్ని. ఈ ఊళ్లో టిష్యూ ప్యాకెట్టు పెట్టిన కుర్చీ జోలికి మంత్రి కూడా రాడు. పందేలు ఆదివారం సాయంత్రం ఆరింటికి మొదలై, ఎనిమిది పందేలూ పూర్తయ్యేసరికి పావుతక్కువ ఏడయ్యేది. తర్వాత నేను తెచ్చిన పులిహోరే అందరికీ మకాన్, ఇక్కడి మాటలో భోజనం.

హన్మకొండ ఇంజనీరు అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. అతను తేదీల మనిషి. అతని ఉద్యోగమే అది. ఒక బ్యాంకు కంప్యూటర్లలో రెండంకెల్లో ఉన్న సంవత్సరాలను 2000 సంవత్సరం వచ్చేలోపు నాలుగంకెలు చేయాలి. ఆ పని మీదే ఆ ఏడాది మన కుర్రాళ్లు విమానాలకు విమానాలు దిగారు. అతని పర్సులో చిన్న తెలుగు క్యాలెండరు ఉండేది. రాహుకాలంలో బండి ఎక్కనని తల్లికి మాట ఇచ్చాడట. ఆదివారం రాహుకాలం నాలుగున్నర నుంచి ఆరు అని దానిలో అచ్చువేసి ఉంది. అందుకని ప్రాక్టీసు మానేసి కంచె మీద కూర్చునేవాడు. ఆరు కొట్టగానే దిగి గెలిచేవాడు. జూలై మొదటికి మా టీము రెండో స్థానంలో ఉంది.

జూలై 11న నేను ఆ క్యాలెండరు చూశాను. చూసి ఊరుకుంటే సరిపోయేది.

"ఇది తప్పు బాబూ. పగటిని ఎనిమిది భాగాలు చేసి, ఆదివారం చివరి భాగాన్ని రాహుకాలం అంటారు. వీళ్లు ఆరింటికి సూర్యోదయం, ఆరింటికి అస్తమయం అనుకుని వేశారు. ఇక్కడ ఇవాళ సూర్యోదయం ఏడూ నాలుగుకు, అస్తమయం ఏడూ పదహారుకు. పేపర్లో ఉంది. కాబట్టి రాహుకాలం అయిదూ నలభై నాలుగు నుంచి ఏడూ పదహారు."

అతను మెట్టు మీద కూర్చుండిపోయాడు. "అంటే ఆంటీ, మార్చి నుంచి నేను గెల్సిందంత రాహుకాలంలనేనా?"

"అన్నీ."

భాయ్ సర్దిచెప్పబోయాడు. "అరె ఆంటీ, ఇండియా కంటే మన గడియారం రెండున్నర గంటలు ముందుంది కదా? రాహుకు భీ రెండున్నర కలపండి. ఏడు నుంచి ఎనిమిదిన్నర. అప్పుడు మనం పులిహోర తింటుంటాం. ప్రాబ్లమ్ ఖతం."

"అక్కడి సూర్యుణ్ణి ఇక్కడికి తెచ్చి కలపకూడదు," అన్నాను. బోర్డు ముందు నిలబడ్డ అలవాటు అది.

మా ఆయన అట్టతో తల కొట్టుకున్నారు. "ఏటే నీ లెక్కలు. మూడొందల మీటర్ల మట్టిలోకి రాహువొస్తాడేటి? వచ్చినా వాడూ ఎడమకే తిరగాలి."

కానీ హన్మకొండ ఇంజనీరు తప్పు అంకెను తప్పని తెలిశాక వాడే మనిషి కాదు. "నమ్మకం గాదంకుల్. అమ్మకు మాటిచ్చిన. తెల్వనప్పుడు వేరు, తెల్సినంక వేరు," అన్నాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారమూ పందెం బట్టలు, బూట్లు వేసుకుని వచ్చి కంచె మీద కూర్చునేవాడు. మైదానంలో దీపాలు లేవు. రాహుకాలం పోయేసరికి వెలుతురూ పోయేది. మిగిలిన ఇద్దరే ప్రతి పందెంలోనూ దిగాలి. ఒక్కో టీము నుంచి ఇద్దరు లేకపోతే ఆ పందెం ఒప్పుకోరు. వరసగా ఓడిపోయాం. మా ఆయన నన్నేమీ అనలేదు. ఇంట్లో గడియారం ఆగిపోతే మాత్రం, "రాహువును అడిగి పెట్టు," అనేవారు.

అక్టోబరు 17 చివరి మ్యాచు. గెలిస్తే మూడో స్థానం, ఓడితే బయటికి. ఆ వేళ మైదానానికి వస్తుంటే మా ఆయన సంచీ మామూలు కంటే బరువుగా ఉంది. ఏడు పందేలయ్యేసరికి మేము రెండు పాయింట్లు ముందున్నాం. కానీ ఏడోదాంట్లో భాయ్ పడ్డాడు. మణికట్టు వంకాయంత వాచింది.

చివరి పందెం ఆరూ నలభైకి. మెకానిక్కు పక్కన ఇంకొకరు కావాలి. ఇద్దరూ కలిసి ఆరు పాయింట్లలో మూడు తేవాలి. నేను పేపరు చూసి వేసిన లెక్క ప్రకారం ఆ రోజు రాహుకాలం ఆరూ యాభై మూడుకు వదులుతుంది. పదమూడు నిమిషాలు ఆగమని రెఫరీని బతిమాలాను. ఆకాశం చూపించి కుదరదన్నాడు.

వెనక్కి తిరిగేసరికి మా ఆయన సంచీలోంచి పాత తోలు సూటు తీసి తొడుక్కుంటున్నారు. జిప్పు పొట్ట దగ్గర ఆగింది. మెకానిక్కు ఆయన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "అంకుల్, టూ ఓల్డ్ లా."

"పేరుంది ఫారంలో. పెన్నుతో," అన్నారు మా ఆయన. నా వైపు చూడలేదు.

ఆ మూడు మరలు నాకు కళ్లకు కట్టాయి. ఎక్స్‌రేలో వాటి పొడవు కూడా నేను కొలిచాను. ఆయన్ను ఆగమంటే ఆగరు. ఆగే మనిషైతే బ్రేకులున్న బండే కొనుక్కునేవారు. నేను నేరుగా కంచె దగ్గరికి వెళ్లాను.

"బాబూ, నేను లెక్క తప్పు చేశాను. నీ క్యాలెండరే సరైనది. రాహుకాలం ఆరింటికే పోయింది. వెళ్లు."

అతను కంచె మీంచి చెయ్యి చాచాడు. "వర్కింగ్ చూపియ్యిండ్రి ఆంటీ."

లెక్క వేసిన వరసంతా చూపించమని నా ట్యూషను పిల్లలకు నేను చెప్పే మాటే అది. నోటుపుస్తకం ఇవ్వక తప్పలేదు. అతను వేలు పెట్టి పై నుంచి కిందికి చదివాడు. ఉదయం, అస్తమయం, తీసివేత, భాగహారం. నేను నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. యాభై ఒక్క ఏళ్ల వయసులో నా లెక్కను ఇంకొకరు దిద్దడం అదే మొదలు.

"తప్పేం లేదు," అన్నాడు.

"ఉంది. సరిగ్గా చూడు."

"తేదీలల్ల తప్పు దేవులాడుడే నా నౌకరి ఆంటీ. లేదు. మీకు అబద్ధం చెప్పరాదు. అబద్ధంకు గుడ వర్కింగ్ ఉండాలె."

అప్పుడతను నా భుజం మీదుగా చూశాడు. అవతల మా ఆయన ఊపిరి బిగబట్టి జిప్పు లాగుతున్నారు. భాయ్ బాగున్న చేత్తో వెనక నుంచి సాయం చేస్తున్నాడు.

"అంకుల్ మీకేమన్న మాటిచ్చిండా?"

"ఇచ్చారు. ఎనిమిదేళ్ల నాలుగు నెలల ఎనిమిది రోజులైంది."

"నేను మా అమ్మకిచ్చిన. రెండిట్ల ఒకటి పోవాలె గదా," అని కంచె దిగాడు. "నేను పడితే నాకు ఎముకే ఇరుగుతది, మరలు లేవు. పట్టుకోండ్రి." పర్సు, అందులోని క్యాలెండరుతో సహా, నా చేతిలో పెట్టి గీత వైపు నడిచాడు.

మా ఆయన అప్పటికి జిప్పు పైదాకా లాగేశారు. ఎర్ర హెల్మెట్టు చేతిలో ఉంది. హన్మకొండ ఇంజనీరు వచ్చి, "అంకుల్, జరుగుండ్రి, నేనస్తున్న," అని దాని మీద చెయ్యి వేశాడు. ఆయన వెంటనే వదల్లేదు. ఎంతసేపు పట్టుకున్నారో నేను చెప్పలేను. వాచీ చూడలేదు.

జెండా లేచింది. అతను రెండోవాడిగా, మెకానిక్కు మూడోవాడిగా వచ్చారు. రెండూ ఒకటీ మూడు. రెండు పాయింట్లతో గెలిచాం. రెఫరీ టైము అడిగితే నా బొటనవేలు బటను మీదే ఉంది, నొక్కలేదు. పందెం జరిగినంతసేపూ నేను మా ఆయన్నే చూస్తున్నాను. గీత పక్కన బిగుతు సూటులో నిలబడి, మలుపు వచ్చినప్పుడల్లా ఆయన ఎడమకాలు నేల మీద కొంచెం జారుతోంది.

ఇంటికి వస్తుంటే రైల్లో ఆయన సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మంగళవారం పొద్దున కాఫీ తాగుతూ, "రెండోవాడిగా నేనూ వచ్చేవాణ్ణే," అన్నారు.

కాదనడానికి నా దగ్గర అంకెలు లేవు. "ఇంకొంచెం పంచదార వేయనా?" అన్నాను.

"వేయి. సూటు ఎలాగూ మళ్లీ పట్టదు."

హన్మకొండ ఇంజనీరు తల్లికి ఫోను చేసి నిజం చెప్పాడు. ఆవిడ నలభై రోజులు అతనితో మాట్లాడలేదు. నలభై అని అతనే చెప్పాడు, నేను లెక్కపెట్టలేదు. 2000 జనవరిలో బ్యాంకు కంప్యూటర్లు ఏ గోలా లేకుండా కొత్త సంవత్సరంలోకి నడిచిపోయాయి. వాటితో పాటు అతని ఉద్యోగమూ అయిపోయి హైదరాబాదు వెళ్లిపోయాడు. అదే నెల 23న మైదానం చుట్టూ రేకులు పాతారు, ఏదో కడతారట. గెలిచిన టీమూ ఓడిన టీమూ ఒకేసారి బయటికొచ్చాయి.

పోయినవి ఇవి. మట్టి మైదానం ఒకటి. నాలుగు టీములు. మేనేజరు ఉద్యోగం, పది నెలల పదహారు రోజులు. ఎడమ బూట్లు పదకొండు, వాటి వెనకే చివరికి నేనే పారేసిన కుడి బూట్లు పదకొండు. పందెం టైము ఒకటి, నా పుస్తకంలో ఆ గడి ఇప్పటికీ ఖాళీ. హన్మకొండలో ఒక తల్లికిచ్చిన మాట ఒకటి. మా ఆయన తిరగని చుట్లు నాలుగు.