పోపుల డబ్బాలో సిమ్ము

దయ్యాలూ భూతాలూ నేను నమ్మను. చిన్నప్పుడు మా అవ్వ దిష్టి తీసిన నిమ్మకాయను మూడు బాటలు కలిసే చోట పారేసి రమ్మంటే, దాన్ని పులిహోరలో పిండుకుంటే ఏమవుతుందని అడిగి దెబ్బలు తిన్నదాన్ని. ఇప్పటికీ నమ్మను. కానీ సిద్దిపేట పెద్ద రోడ్డు మీద, పట్టపగలు, అంత జనం మధ్య నాకొచ్చిన ఫోను సంగతి మాత్రం ఇప్పటిదాకా తేలలేదు.

మా ఆయన వంటమనిషి. పెళ్లిళ్లకు వండేవాడు. తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజుల్లో హైదరాబాదులో ఒక ట్రావెల్స్ వాళ్లు ఆయన్ను పనిలో పెట్టుకున్నారు. వాళ్లు మనవాళ్లను బస్సులో ఫ్రాన్సు, స్విట్జర్లాండు, ఇటలీ తిప్పుకొస్తారు. అక్కడి రొట్టెలు రెండు పూటలు తినేసరికి మనవాళ్లకు పప్పుచారు గుర్తొస్తుంది కదా, అందుకని వంటమనిషిని వెంట తీసుకుపోతారు.

మన సిమ్ము అక్కడ వాడితే ఖర్చు తడిసి మోపెడవుతుందని ఎవరో చెప్పారట. దాంతో ఆయన పోయేముందు సిమ్మును ఫోన్లోంచి తీసి, కాగితంలో మడిచి, మా పోపుల డబ్బాలో మెంతుల గిన్నెలో పెట్టాడు. ఎలుకలు అన్నీ కొరుకుతాయి గానీ మెంతుల జోలికి రావని ఆయన నమ్మకం.

అక్కడ ఒక్కో దేశంలో ఒక్కో సిమ్ము కొనుక్కుని ఫోన్ చేసేవాడు. దేశం మారిందని నాకు నెంబరు చూస్తేనే తెలిసేది, ఆయన మాట మాత్రం మారేది కాదు. పారిస్‌లో ఆ ఇనుప గోపురం కింద నిలబడి కూడా, "ఇయ్యాల పప్పుల ఉప్పు ఎంతేసినవే?" అనే అడిగాడు.

పెళ్లయి ఇన్నేళ్లయినా నా వంట తిని ఒక్కసారి బాగుందన్న పాపాన పోలేదు. "ఊఁ" అంటాడు. ఆ ఊఁకు అర్థమేమిటో కన్న తల్లికే తెలియదు, నాకేం తెలుస్తుంది.

ఆయన అటు దేశాలు తిరుగుతుంటే ఇటు మా వాడకు వంటావార్పు వంతు వచ్చింది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే అందరూ కూర్చుని తినాలి. బండ్లు కదలవు, ఢిల్లీ దాకా మన మాట వినపడాలి.

"వంటాయన లేకుంటేంది, పద్మక్క ఉన్నది గదా" అని అందరూ నా మీద పెట్టారు. నేను పదిమందికి మించి ఎన్నడూ వండలేదు. అయినా సరేనన్నాను. ఆ సాయంత్రం ఫోన్లో చెబితే మా ఆయన స్విట్జర్లాండు నుంచి నవ్వాడు.

"గుండిగలల్ల బగారన్నం వండుడంటే ఇంట్ల కుక్కరు పెట్టినట్టనుకున్నవా? అడుగంటుతది. నా ఇజ్జత్ తీస్తవ్."

నాకు ఒళ్లు మండింది. అన్నం చెడిపోతే ఊరు నాలుగు రోజులు నవ్వి ఊరుకుంటుంది. ఈ మనిషి మాత్రం చచ్చేదాకా చెప్పుకుని నవ్వుతాడు. అదీ నా భయం.

మర్నాడు కరీంనగర్ పోయే రోడ్డు మీద రెండు గుండిగలు ఎక్కించాం. ఒక్కోదాంట్లో మనిషి కూర్చుని స్నానం చేయొచ్చు. తొగుట నుంచి, ధూళిమిట్ట నుంచి జనం ట్రాక్టర్ల మీద దిగుతున్నారు. ఒకటే డప్పులు, పాటలు. మా పక్కింటి రజియా నాకు తోడు నిలబడింది. బియ్యం పోసి మూతలు పెట్టాం.

అప్పుడు ఫోన్ మోగింది. నా చేతులకు అల్లం వెల్లుల్లి ఉందని రజియా తీసి, పేరు చదివి, "పద్మక్కా, అన్న చేస్తుండు" అని నా చెవికి ఆనించింది.

"అటుపక్క గుండిగ కింది కట్టెలు గుంజు. అడుగంటుతది. గంటె పెట్టకు. మూత మీద నిప్పులు పొయ్యి."

మా ఆయన గొంతే. అంత డప్పుల మోతలోనూ పక్కన నిలబడి చెప్పినట్టు వినపడింది. పరుగెత్తి కట్టెలు లాగేశాను. మూత సందులోంచి మాడు వాసన అప్పుడే సన్నగా మొదలైంది. గబగబా నిప్పులు తీసి మూత మీద పోశాను. రజియా ఫోన్ మళ్లీ చెవికి పెట్టింది.

"ఉప్పు సరిపోయింది. మంచిగ చేసినవ్ పద్మా."

అంతే, కట్టయింది. ఉప్పు సంగతి అంత దూరంలో ఉన్న మనిషికి ఎట్లా తెలిసిందని కూడా నాకు తట్టలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొగ అని రజియాకు చెప్పాను.

అన్నం మెతుకుకు మెతుకు అంటలేదు. ఆగిన లారీల డ్రైవర్లు తిన్నారు. బందోబస్తుకొచ్చిన పోలీసులు మారు పెట్టించుకున్నారు.

సాయంత్రం ఏదో పొడుగు నెంబరు నుంచి ఫోన్. ఇటలీ.

"ఏమాయెనే? మాడిందా?"

"నువ్వే చెప్తివి గదా, కట్టెలు గుంజుమని!"

"నేనెప్పుడు చేసిన? స్విట్జర్లాండు సిమ్ముల రాత్రే బ్యాలెన్స్ అయిపాయె. కొత్తది ఈడికొచ్చినంక గిప్పుడే కొన్న. పొద్దటిసంది బస్సులనే ఉన్న."

ఫోన్ తీసి చూశాను. మధ్యాహ్నం వచ్చిన కాల్ మీద ఆయన పేరే ఉంది. ఆ పేరు మీద నేను దాచుకున్నది ఒకే ఒక్క నెంబరు, ఆయన సిద్దిపేట నెంబరు. వంటింట్లోకి పోయి పోపుల డబ్బా తెరిచాను. మెంతుల్లో కాగితం మడిచింది మడిచినట్టే ఉంది. లోపల సిమ్ము ఉంది. రజియాను పిలిచి చూపిస్తే, దువా చదువుకుంటూ, పోసిన చాయ్ తాగకుండానే వెళ్లిపోయింది.

ఆయన తిరిగొచ్చాక ఆ సిమ్ము ఫోన్లో వేసి చూసుకున్నాడు. బ్యాలెన్స్ పైసా తగ్గలేదు. నెంబర్లు ఒక్కోసారి తప్పు పడతాయన్నాడు. ఎవడో తన గొంతు పెట్టి మాట్లాడాడన్నాడు. ఎండకు నాకే అట్లా వినపడిందన్నాడు. రజియా చదివిన పేరు మాటేమిటంటే, దానికీ ఏదో చెప్పాడు. ఆఖరికి, "ఇంకేమన్నడు?" అని అడిగాడు.

"మంచిగ చేసినవ్ పద్మా, అన్నడు."

మా ఆయన సిమ్మును మళ్లీ కాగితంలో మడిచాడు.

"గట్లయితే అది నేను కాదు," అన్నాడు.

ఆ తర్వాత రాష్ట్రమొచ్చింది. మా ఆయన ఇంకా బస్సు వెంట పోతూనే ఉన్నాడు, సిమ్ము ఇంకా మెంతుల్లోనే పడుకుంటోంది. ఆ ఫోన్ చేసిందెవరో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా తెగలేదు. దయ్యాలున్నాయని ఒప్పుకోను గానీ, ఒకవేళ ఉంటే ఒక దయ్యానికి మాత్రం వంట తెలుసు, మర్యాదా తెలుసు.

ఇప్పుడు ఏ దేశం నుంచి ఫోన్ చేసినా మా ఆయన ఉప్పు సంగతి ఎత్తడు. మొదటి మాటే, "ఆయన మల్ల చేసిండా?"

చేయలేదంటే, "ఏం వండినవ్? మంచిగనే అయ్యుంటది తియ్యి," అంటాడు.

ఇంతవరకు చేయలేదు. చేస్తే మాత్రం ఈయనకు చెప్పను.