అత్త మొగుడని రుజువు

మా అత్త జైలుకు పోయింది ఒక మంగళవారం. ఆమె మా నాన్నకు అక్క, అరవై దాటిన మనిషి. తిరుత్తణి దగ్గర మా పల్లెలో చెరకు, వేరుసెనగ పండించుకుంటూ ఎవరి జోలికీ పోకుండా బతికిందని చెప్పాలనుంది గానీ, అందరి జోలికీ పోయేది. ఊరి బస్టాపు పక్కన బ్రాందీ అంగడి పెట్టారు. బడికి పోయే ఆడపిల్లలు అక్కడ నిలబడలేకపోతున్నారని, ఆమె ఇంకో అయిదుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి దానికి తన ఇంటి తాళం వేసేసింది. లోపల అమ్మే మనిషి ఉన్నాడు. మూడు గంటలు ఉన్నాడు.

తెలియక వేశామని చెప్పుంటే సాయంత్రానికి వదిలేసేవారేమో. అత్త మాత్రం ఇన్‌స్పెక్టరుతో, "వాడు లోపలుండాడని తెలిసుంటే ఇంకో తాళం గూడా ఏసుందును" అంది. ఆరుగురినీ రిమాండుకు పంపారు.

బుధవారం తెల్లారేసరికి మామ మా వాకిట్లో ఉన్నాడు. అత్త భర్త; గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో చాన్నాళ్లు పనిచేసి వచ్చిన మనిషి. ఇంట్లో మాట్లాడే పని మొత్తం అత్తకే వదిలేసినవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల తడిపి దువ్వుకుని ఉన్నాడు. దువ్వడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు.

"పాపా, నువ్వు దినామూ తిరువళ్లూరు పోతావు గదా. మీ అత్తను చూడాలంటే యాడ అడగాల?"

నేను అప్పట్లో తిరువళ్లూరులో కంటి అద్దాల కొట్లో పనిచేసేదాన్ని. ఆ రోజుకు సెలవు చెప్పి ఆయనతో రైలెక్కాను. జైలు ఆఫీసులో ఒక కాగితం ఇచ్చారు. నాకు తెలుగు కంటే తమిళం రాయడం వేగం కాబట్టి నేనే నింపాను. అన్నీ సాఫీగా జరిగాయి గానీ, 'చూడవలసిన కారణం' అన్న చోట కలం ఆగింది.

"ఏమని రాయాల మామా?"

"కనపడక ఒక దినమాయ, అని రాయి."

"అది కారణం కాదు మామా."

"మరి ఇంకేముండాది?"

ఆయన చెప్పిందే రాశాను. గుమాస్తా ఆ వరుస చదివి, ఒకసారి మామ ముఖం చూసి, కాగితంలో కింది వరుసలకు దిగాడు. చిక్కు అక్కడ వచ్చింది. అత్త ఆధారు కార్డులో భర్త పేరు లేదు, తండ్రి పేరుంది. రేషను కార్డులో ఇంటిపెద్ద అత్తే. మామ పేరు ఇప్పటికీ వాళ్ల అన్న కార్డులోనే ఉంది. మార్పిస్తానని ఇరవై ఏళ్లుగా అంటున్నాడు.

"ఈమె మీ భార్యేనని ఆధారం ఏముంది అయ్యా?" అని గుమాస్తా తమిళంలో మర్యాదగానే అడిగాడు.

మామ కూడా తమిళంలోనే, అంతే మర్యాదగా, "నలభై ఏళ్లుగా తిడతా ఉండాది సార్" అన్నాడు.

వరసలో మా వెనకున్నవాళ్లు నవ్వారు. గుమాస్తా మీసం కదిలింది. పెళ్లి పత్రికో, ఫొటోనో, ఏదో ఒకటి రేపు తెమ్మన్నాడు.

మామ ఇంట్లో పెళ్లి ఫొటో ఒక్కటే ఉంది, గోడమీద పెద్ద చట్రంలో. ఫోన్లో ఫొటో తీసుకుంటే సరిపోతుంది కదా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఆఫీసులో నమ్మాలంటే బరువుండాల పాపా" అన్నాడు. గురువారం పొద్దున ఆ చట్రాన్ని దించి, తువ్వాలు చుట్టి, చంటిబిడ్డను మోసినట్టు మోసుకొచ్చాడు.

రైల్లో మాకు వెంటనే చోటిచ్చారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. తిరువాలంగాడులో పూలబుట్టతో ఒకామె ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. మేము తెలుగు మాట్లాడుకోవడం విని, తువ్వాలు జారినచోట కనిపిస్తున్న పెళ్లికూతురి ముఖం వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఎప్పుడు పోయింది అన్నా?"

"మంగళవారం పోయింది" అన్నాడు మామ.

"అయ్యో. ఎట్లా పోయింది?"

"పోలీసు వ్యానులో."

ఆమె నా ముఖంలోకి చూసింది. నాకు కడుపులోంచి నవ్వు ఎగదన్నుకొచ్చింది. ఆపుకుందామని కిటికీ వైపు తిరిగాను, భుజాలు ఊగిపోయాయి. నేను ఏడుస్తున్నాననుకుని పక్కావిడ నా వీపు నిమిరింది. దాంతో ఇక ఆగలేదు. నవ్వుతూనే తాళం సంగతి అంతా చెప్పాను. తెలుగు వచ్చినవాళ్లు రానివాళ్లకు తమిళంలో చెప్పారు. పెట్టె ఆ చివరి నుంచి ఎవరో, "ఆ తాళం ఏ కంపెనీదమ్మా?" అని కేక వేశారు. పూలామె కళ్లు తుడుచుకుంటూ రెండు మూరల మల్లెలు కొలిచి నా ఒళ్లో పడేసింది. "ఆయమ్మకు ఇయ్యి. ఇయ్యనీకుంటే నువ్వు పెట్టుకో."

ఆఫీసులో గుమాస్తా ఫొటోను బల్లమీద నిలబెట్టాడు. పెళ్లికొడుకు ఉంగరాల జుట్టు, కోరమీసం. మామ బట్టతల. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు, పక్క బల్ల దగ్గరి ఆమెను పిలిచి చూపించాడు. ఆమె పెళ్లికూతురిని చూసి, "ఈ కోపం ముఖం నిన్న లోపల చూశాను, ఆమే ఈమె" అంది. ముద్ర పడింది. ఇద్దరికి, పదిహేను నిమిషాలు.

పూలు లోపలికి పోనివ్వలేదు. ఇనుప జాలీకి అవతల అత్త వచ్చి నిలబడింది. వెనకే మిగతా అయిదుగురూ ఎవరెవరి మనుషుల కోసమో తొంగి చూస్తున్నారు. దారి పొడుగునా ఏమేమో లోపల అనుకుంటూ వచ్చిన మామకు ఒక్క మాటే వచ్చింది.

"తిన్నావా?"

"తిన్నా. నేను వండబళ్లేదు, తెలుసునా? పెండ్లయినంక ఇంకొకరు వండి పెడితే రెండు పూట్లా తినేది ఇదే మొదుటిసారి." ఆమె ముఖం వెలిగిపోతోంది. "బర్రె పాలిస్తా ఉందా?"

"నన్ను తన్నింది."

"నా చీర కట్టుకోని పోయుంటే తన్నుండదు."

మామ నవ్వాడు. నవ్వుతుండగానే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్త అది చూసి, "ఏందిది, అందురూ చూస్తా ఉండారు" అంటూ జాలీలోంచి వేలు బయట పెట్టింది. ఆయన ఆ వేలిని పట్టుకుని, టైమయిందని చెప్పేదాకా వదల్లేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వాళ్లిద్దరూ చెయ్యి పట్టుకోవడం నేను చూడలేదు. నాకు సిగ్గేసి, నవ్వొచ్చి, పక్కకు తిరిగి నిలబడ్డాను.

సోమవారం బెయిలు వచ్చింది. అంగడిని మూయలేదు గానీ బస్టాపు దగ్గర నుంచి తీసి పొలాల అవతలికి మార్చారు. సగమే గెలిచానంటుంది అత్త. కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా ఉన్న రోజు ఆరుగురూ మంచి చీరలు కట్టుకుని, పులిహోర డబ్బాలతో తిరుత్తణి కోర్టుకు పోతారు. ముద్దాయి కాకపోయినా మామ కూడా పోతాడు. పోయినసారి జడ్జిగారు సెలవులో ఉన్నారని తెలియగానే అందరూ సినిమాకు పోదామన్నారు. ముందు వరసలో సీట్లు పట్టడానికి మామ అప్పటికే రోడ్డు దాటేశాడు.