వెనక బెంచీకి కనపడే ల్యాప్‌టాప్

ఆళ్లగడ్డలో వాజిద్ ఎవరో చాలామందికి తెలియకపోవచ్చు. వాడు తయారుచేసిన మొగాలు మాత్రం తెలియనివాళ్లు లేరు. నాలుగు రోడ్ల కాడ స్తంభానికి స్తంభానికి మధ్య కట్టే ఫ్లెక్సీల్లో నల్లగా ఉన్నోళ్లను ఎర్రగా, బట్టతలోళ్లను ఒత్తుగా చేసేది వాడే. ఒకసారి నా జుట్టు కూడా పెంచినాడు. ఆ ఫ్లెక్సీ చూసి నాకు మూడు సంబంధాలు వచ్చినాయి. మూడూ నన్ను నేరుగా చూసి వెనక్కి పోయినాయనేది వేరే సంగతి.

నా పేరు దేవరాజు. వాజిద్ షాపు పక్కన సెల్‌ఫోన్లు రిపేరు చేస్తా. డిగ్రీ మధ్యలో ఆపేసినా. చదువు వీణ్ని వదిలేసిందని మా నాయన ఊరంతా చెప్తాడు గానీ, నిజానికి నా తెలివిని భరించే శక్తి ఆ కాలేజీకి లేకపోయింది. వెలుగోడు రిజర్వాయర్లో రెండ్రోజులు నానిన ఫోన్ను నోటితో ఊది బతికించిన చెయ్యి ఇది. నోటితో ఊదితే చెయ్యి గొప్పేందని వాజిద్ అడుగుతాడు. వాడికి కళాహృదయం తక్కువ.

ఫ్లెక్సీ డిజైను అంటే కంప్యూటర్ ముందర ఒకడు కూర్చుంటే అయిపోయే పని అనుకుంటారు. మా ఊర్లో అట్లా కాదు. వాడి కుర్చీ వెనకాల ఒక బెంచీ ఉంటుంది. ఫ్లెక్సీలో ఎవరెవరి ఫొటోలు పడతాయో వాళ్లంతా, లేకుంటే వాళ్ల తరఫువాళ్లు, ఆ బెంచీ మీద కూర్చోని చివరిదాకా కనిపెట్టుకోనుంటారు. మేనమామ తల కంటే చిన్నాయన తల వేలెడంత పెద్దగా వస్తే ఆ ఫంక్షన్‌కి మేనమామ రాడు. అందుకని వాజిద్ పక్కన ఒక ప్లాస్టిక్ స్కేలు పెట్టుకోనుంటాడు. స్క్రీన్ మీద స్కేలు ఆనించి, "చూడన్నా, ఇద్దరిదీ ఒకటే" అని చూపిస్తాడు. బెంచీ తలలూపితేనే ఫైలు నంద్యాలలో ప్రింటు కొట్టేవాళ్లకు పోతుంది. సాయంత్రం బస్సుకు ఫ్లెక్సీ చుట్ట వచ్చేస్తుంది. ఫోన్‌లో పంపిస్తా, చూసి చెప్పండంటే ఎవరూ ఒప్పుకోరు. ఫోన్‌లో అందరి తలలూ ఆవగింజంతే ఉంటాయి గదా, కొట్లాడ్డానికి కుదరదు.

వాడి పాత డెస్క్‌టాప్‌కి గోడలో సగం ఉండే స్క్రీన్ ఉండేది. బెంచీ చివర కూర్చున్నోడికి కూడా కనపడేది. అట్లా పని బాగానే జరుగుతాండగా వాళ్లమ్మ బీబీకి రెండు కిడ్నీలూ చెడిపోయినాయి. రోజు విడిచి రోజు నంద్యాల ఆసుపత్రికి తీసకపోయి డయాలసిస్ చేయించాల. పొద్దున బస్సెక్కితే తిరిగొచ్చేసరికి పొద్దు వాలిపోతుంది.

వాజిద్ నాయన ఎప్పుడో పోయినాడు. చెల్లెలు తస్నీమ్ మిడుతూరులో కాపురం, చంకలో పసిబిడ్డ. వాడికింకా పెండ్లి కాలేదు. కాబట్టి తోడు పోయేది వాడొక్కడే. ఇంకెవరైనా పోతామన్నా బీబీ ఒప్పుకోదు. రక్తం గొట్టంలోకి పోయి మళ్లా వచ్చేటప్పుడు ఆమెకు పిక్కలు పట్టేస్తాయి. ఆ నొప్పికి మంచం మీద ఎగిరిపడుతుంది. వాజిద్ పక్కన కూర్చోని పిక్క పిసకాల. "వాడు లేకుంటే నేను మిషన్ ఎక్కను," అని మొదటి రోజే చెప్పేసింది. ఆమె ఒకమాట అనిందంటే ఆళ్లగడ్డ శిల్పులు రాయి మీద చెక్కినట్టే.

షాపు రోజు విడిచి రోజు మూతపడింది. ఫ్లెక్సీ బేరం ఆగేది కాదు. చచ్చినోడి ఫ్లెక్సీ దినం అయిపోయినాక ఎవడికి కావాల? జనం వేరే షాపు బెంచీ మీదికి మారడం మొదలుపెట్టినారు. వాజిద్ ఆసుపత్రి స్టూలు మీద కూర్చోని, ఒక చేత్తో పిక్క పిసుకుతా, ఇంకో చేత్తో ఫోన్ చెవికి పెట్టుకోని "రేపు రాండన్నా, రేపు తప్పకుండా చేస్తా" అని బతిమాలుతా ఉండేవాడు. షాపు పోతే అమ్మను బస్సెక్కించేది కూడా కష్టమే అని వాడికి తెలుసు. అమ్మ కాడ తాను లేకుంటే అమ్మే ఉండదని కూడా తెలుసు.

"డెస్క్‌టాప్ అమ్మేసి ల్యాప్‌టాప్ కొంటా రా," అన్నాడు ఒకరోజు. "అమ్మ మంచం పక్కనే పెట్టుకోని పని చేసుకుంటా. ఒక చెయ్యి పిక్క మీద, ఒక చెయ్యి మౌసు మీద."

"నేనైతే నీ డెస్క్‌టాప్‌నే బస్సులో కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి టికెట్ కొట్టిస్తా," అన్నా.

"నువ్వు కండక్టర్‌తో మాట్లాడితే ఆయనే దిగి పోతాడు. తమాషా కాదు రా, పా నంద్యాలకి."

రెండూ పెట్టుకునే తాహతు వాడికి లేదు. ఏది కొన్నా అదే షాపులోకీ, అదే ఆసుపత్రిలోకీ.

షోరూమ్‌లో వినయ్ అనే సేల్స్‌మన్ మాకు చల్లగా నీళ్లిచ్చి, ముందు ఒక సన్నటి ల్యాప్‌టాప్ తెచ్చినాడు. దోశ అంత పలచన. "చార్జింగ్ రోజంతా వస్తాదన్నా. బ్యాగులో పెట్టుకున్నట్టు కూడా తెలీదు," అన్నాడు.

వాజిద్ పెన్‌డ్రైవ్ పెట్టి ఒక పెండ్లి ఫ్లెక్సీ తెరిచినాడు. తర్వాత లేచి, మూడు కుర్చీలు వెనక్కి లాగి, సరిగ్గా వాడి షాపు బెంచీ ఎంత దూరం ఉంటుందో అంత దూరంలో వేసినాడు. నన్నూ, వినయ్‌నూ, టీవీ కొనడానికి వచ్చిన ఇంకెవరినో బతిమాలి కూర్చోబెట్టినాడు.

"అప్పా, ఆ చివర నిలబడినోడికి మీసం ఉండాదా లేదా?"

"నాకు మనిషే కనపడలా," అన్నాడు టీవీ ఆయన.

సన్నటిది పక్కకు పోయింది. నడిమి సైజుది వచ్చింది. దాంట్లో మనిషి కనపడినాడు, మీసం అనుమానం. అప్పుడు వినయ్ లోపలికి పోయి, రెండు చేతులతో ఒకదాన్ని మోసుకొచ్చినాడు. పదిహేడంగుళాల పైన స్క్రీన్. దాని మూత తీస్తే మా ఇంటి కిటికీ తీసినట్టుంది. టీవీ ఆయన కుర్చీలోంచి లేచి, "మీసం ఏందప్పా, ఆ పెండ్లికొడుక్కు మొటిమ కూడా ఉండాది," అన్నాడు.

వాజిద్ మొగం వెలిగిపోయింది.

"ఇది పేరుకే ల్యాప్‌టాపన్నా," అన్నాడు వినయ్. "డెస్క్‌టాప్ పీకేసి దాని జాగాలో పెట్టుకునేది. బరువు జాస్తి, చార్జింగ్ తక్కువ. డిజైను పని చేస్తే గంట కూడా కష్టమే. బాగా తిప్పేవాళ్లయితే ఆలోచించండి."

బరువు సంగతి నేను చూసుకున్నా. దాన్ని ఒక్క చేత్తో పైకెత్తి, యాగంటి మెట్లు వీపు మీద బియ్యం మూటతో ఎక్కినోళ్లం మేము, అని చెప్పినా. ఎవరూ చూడకుండా మోచెయ్యి బల్లకు ఆనించినా.

చార్జింగ్ సంగతి వాజిద్ చూసుకున్నాడు. "నేను తిప్పేది రెండే చోట్లకప్పా," అన్నాడు. "ఒకటి మా షాపు. ఇంకొకటి ఆసుపత్రి. ఊర్లో కరెంటు పోతే పోతాది గానీ ఆసుపత్రిలో యాడ పోతాది? జనరేటర్ ఉంటాది గదా."

ఆ మాటకు వినయ్ బిల్లు పుస్తకం తీసినాడు. నేను తలూపినా. నేను ఇంకొకరి మాటకు తలూపడం ఈ జిల్లాలో అంతకుముందు ఎవరూ చూడలా. అంత తెలివైన మాట అది. దాని చార్జర్ ఇటికె అంత ఉండాది. దాన్ని కూడా ముద్దుగా చూసుకోని ఇంటికొచ్చినాం.

మొదటిసారి దాన్ని ఆసుపత్రికి తీసుకపోయిన రోజు నేనూ పోయినా, ఆ అద్భుతం చూడాలని. బీబీని మిషన్‌కు కలిపినాక మంచం పక్కన భోజనం బల్ల మీద వాజిద్ ల్యాప్‌టాప్ తెరిచినాడు. దాని ఫ్యాను పిండిమిల్లు మాదిరి మొదలైంది. చుట్టూ మంచాల మీదున్న వాళ్లంతా తలలు తిప్పినారు. ఆ రోజు బేరం వెంకటలక్ష్మమ్మ అనే ఆమెది. మనవరాలు పూర్ణిమకు మర్నాడు ఓణీల ఫంక్షన్. తెర నిండా ఆ పిల్ల మొగం.

"సక్కని పిల్ల," అనింది బీబీ. "వెనకాల ఆ నెమలెందుకు రా, దిష్టిబొమ్మ మాదిరి?"

"వాళ్లే పెట్టమన్నారు మా."

"తీసేయ్. నేను చెప్పినానని చెప్పు."

వాజిద్ నెమలిని తీసేసినాడు. ఎడమ చెయ్యి ఆమె పిక్క మీద, కుడి చెయ్యి మౌసు మీద. అది చూసి బీబీ నవ్వింది, ఆసుపత్రికి వచ్చేది మొదలైనాక ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. ఆ ల్యాప్‌టాప్ నేనే కొనిచ్చినట్టు ఛాతీ విరుచుకోని నిలబడినా.

చార్జింగ్ గుర్తు ఎర్రగా మారింది. వాజిద్ ఇటికె చార్జర్ తీసి, మంచం తలాపు గోడకున్న ప్లగ్గు వైపు వంగినాడు.

"అన్నా! ఆడ పెట్టొద్దు!" అని అక్షయ సిస్టర్ పరుగెత్తుకోని వచ్చింది. "అవన్నీ మిషన్ల లైను. ఇంకోటి తగిలిస్తే, ఏమన్నా అయితే అన్ని మంచాలూ ఆగిపోతాయి."

"ఇంకొకటి యాడన్నా ఉంటే చెప్పు సిస్టర్. పొడుగు వైరు తెచ్చుకుంటా."

"వార్డులో వైర్లు లాగనీరన్నా. మందుల బండ్లు తోసుకోని తిరిగేవాళ్ల కాళ్లకు తగుల్తాయి." ఆ పిల్ల మొగంలో కోపం లేదు. ఉండుంటే కొట్లాడేవాణ్ని. "బయట వరండా చివర నీళ్ల మిషన్ పక్కన ఒకటుంది. ఆడ పెట్టుకోండి."

వాజిద్ అమ్మను చూసినాడు. తెరను చూసినాడు. "పోయి రా," అనింది బీబీ. "ఇప్పుడేం నొప్పి లేదులే. దేవా ఉండాడు గదా."

వాడు దాన్ని ఎత్తుకోని పోయినాడు, ఇటికె మోస్తా నేనూ ఆడిదాకా పోయినా. వరండా చివర నీళ్ల మిషన్ పక్కన నేల మీద గోడకు ఆనుకోని కూర్చున్నాడు. ఆడి నుంచి వార్డు తలుపు కనపడుతుంది, మంచం కనపడదు. అంతలో వెంకటలక్ష్మమ్మ కుటుంబం ఆటో దిగింది. ఎట్లాగూ ప్రింటు నంద్యాలలోనే గదా, దగ్గరుండి చూసుకోని చుట్ట తీసకపోదామని వచ్చినారంట. ఆమె, ఆమె కొడుకు, ఇద్దరు మేనమామలు. బెంచీ లేదని వాణ్ని ముందుకు జరిపి, వెనకాలే గోడకూ వీపుకూ మధ్య ఇరుక్కోని నిలబడినారు. నీళ్లకొచ్చేవాళ్లు వాళ్లను తప్పించుకోని పోతాండారు.

"నెమలేది నాయనా?" అనింది వెంకటలక్ష్మమ్మ.

"తీసేసినా అవ్వా."

"ఎవరినడిగి?"

నేను లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నా. బీబీకి కథ చెప్తా పిక్క పిసుకుతాండా. వెలుగోడులో నా పాత ఫోన్ను చేప మింగిందనీ, మా నాయన ఫోన్ చేస్తే చేపల అంగట్లో గంపలోంచి మోగిందనీ. ఆమె నవ్వబోయి, నవ్వు సగంలోనే పండ్లు బిగబట్టింది. పిక్క నా చేతి కింద రాయి మాదిరి అయిపోయింది. నాకు తెలిసిన బలమంతా పెట్టి పిసికినా. "అట్ల కాదు, అట్ల కాదు," అంటాండాది. ఎట్లనో నాకు తెలీదు.

"వాణ్ని పిలువు. లేకుంటే మిషన్ ఆపమను."

పరుగెత్తినా. వాజిద్ తెర మీద స్కేలు పెట్టి ఉండాడు. చిన్న మేనమామ తల కొలుస్తాండారు.

"రేయ్, అమ్మ పిలుస్తాంది."

"రెండు నిమిషాలు రా. ఈ తల సరిపోతే పంపించేస్తా. సేవ్ కూడా కాలా."

"మిషన్ ఆపమంటాంది."

వాడు స్కేలు కింద పెట్టినాడు. ఇటికె పీకేసినాడు. చార్జింగ్ ఇంకా ఎక్కనే లేదు, అంత పెద్ద తెర ఒక్కసారిగా నల్లగా అయిపోయింది. అందులో వెనకాల నిలబడిన నలుగురి మొగాలూ వాళ్లవి వాళ్లకే కనపడినాయి.

"ఏందప్పా ఇది!" అన్నాడు పెద్ద మేనమామ. "ఫంక్షన్ రేపు గదా!"

"వస్తా అన్నా. ఉండండి. ఇప్పుడే వస్తా," అంటా వాడు దాన్ని చంకలో ఇరికించుకోని పరుగెత్తినాడు. వైరు నేల మీద ఈడ్చుకోని పోయింది.

నేను వాళ్లను ఆపడానికి చూసినా. ఎన్నో మాటలు వచ్చినోణ్ని, ఆ పొద్దు ఒక్కటీ పనికి రాలా. వెంకటలక్ష్మమ్మ మాత్రం వార్డు తలుపు వైపు ఒకసారి చూసి, "పాపం, వాళ్లమ్మంట," అనింది. అని కొడుకు చెయ్యి పట్టుకోని, "పాండ్రా, ఇంకో షాపు చూద్దాం. మనకు పొద్దు పోతాంది," అనింది. తప్పు పట్టడానికి ఆమె దగ్గర కూడా ఏమీ దొరకలా నాకు.

లోపలికి పోయేసరికి వాజిద్ రెండు చేతులతో పిక్క పిసుకుతాండాడు. ల్యాప్‌టాప్ మంచం మీద ఆమె కాళ్ల పక్కన, మూత కూడా వెయ్యకుండా పడుండాది. షోరూమ్‌కు తిరిగి ఇచ్చేద్దామని తర్వాత అడిగినాం. వాడినదాన్ని తీసుకునేది లేదన్నారు. డెస్క్‌టాప్ అప్పటికే ఎవరింటికో పోయింది.

బీబీ కండ్లు మూసుకోని ఊపిరి మెల్లగా వదులుతాండాది. వాజిద్ జేబులో ఫోన్ మోగింది.

"ఎత్తుకో రా, బేరమేమో," అనింది.

"ఎవరూ కాదు మా. పండుకో."

వాడి చేతులు పిక్క మీది నుంచి కదల్లా. ఫోన్ ఆగి, మళ్లా మోగింది. బీబీ కండ్లు తెరిచి మంచం మీదున్న ఆ పెద్ద ల్యాప్‌టాప్ అంచు మీద చెయ్యి పెట్టి నిమిరింది.

"ఇంత పెద్దది కొన్నావు," అనింది. "ఇంక బేరాలు బాగా వస్తాయిలే."

"వస్తాయి మా," అన్నాడు వాజిద్.