మెట్రో మెట్ల కాడ బొట్టు

మా దిక్కు పెండ్లికి పిలవాలంటే గడప దాకా వచ్చి నుదుట బొట్టు పెట్టాలె. ఫోన్‌ల పిలిస్తే అది పిలుపు కాదు, సమాచారం. చిన్నాయన బిడ్డ పెండ్లి కుదిరిందని తెలిసిన రోజు నుంచి మా బాపు ఆ బొట్టు కోసమే చూస్తున్నడు. పొలం గట్టు కాడ కొట్లాడుకున్నప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. గట్టు మూరెడు వెడల్పు ఉంటది. దాని మీద రెండు కుటుంబాలు ఇన్నేండ్లు నిలబడ్డయంటే మెచ్చుకోవాలె.

ఒక ఆదివారం చిన్నాయన, చిన్నమ్మ పట్నం వచ్చిండ్రు. తార్నాకల మా ఫ్లాటుకు రాలే. నేను చదివే యూనివర్సిటీ గేటు కాడ నిలబడి నాకు ఫోన్ చేసిండ్రు, పట్నం చూపియ్యమని. బాపుకు చెప్పి బయలెల్లిన.

క్యాంపస్‌ల రాతి భవనం ముందు నిలబెట్టి, ఇది నిజాం కాలందని చెప్పిన. చిన్నాయన తల పైకెత్తి చూసి, అచ్చం మీ బాపు లెక్కనే ఉన్నది, ఎత్తు ఎక్కువ, లోపలికి రమ్మనేది లేదన్నడు. చార్మినార్ పక్క గాజుల దుకాణంల చిన్నమ్మ, మా అమ్మ ఎంత పిసినారో వచ్చీరాని ఉర్దూల దుకాణమాయనకు వివరించింది. ఆయన శ్రద్ధగా విన్నడు. ధర మాత్రం తగ్గించలే.

సాయంత్రం తార్నాకల మెట్రో దిగినం. అక్కడికి మా ఇల్లు రెండు సందుల అవతల. చిన్నమ్మ సంచిల నుంచి కుంకుమ భరిణె తీసి, మెట్ల కిందనే నాకు బొట్టు పెట్టింది. మీ ఇంటిల్లిపాదికీ పిలుపు అందినట్టే అన్నది. పక్కన పోతున్న కోచింగ్ పిల్లలు నాకేదో ఉద్యోగం వచ్చిందనుకొని కుళ్లుకున్నరు.

ఇంట్ల బాపు ఇస్త్రీ చొక్కా తొడుక్కొని సోఫాల కూసున్నడు. ముందల మిఠాయి డబ్బా. పొద్దటి నుంచి గట్లనే ఉన్నడని అమ్మ మెల్లగ చెప్పింది. నా నుదురు చూసి, బొట్టు ఏడ పెట్టిండ్రని అడిగిండు. చెప్పిన.

"అయితే పెండ్లికి మెట్రోనే పోతది," అని చొక్కా గుండీలు విప్పుకున్నడు.

ఊరికి నేనొక్కన్నే పోయిన. పందిట్ల ఏ కారు చప్పుడైనా చిన్నాయన మెడ రోడ్డు దిక్కు తిరుగుతుండె. పంతులు రెండుసార్లు మంత్రం ఆపి ఆయనను మల్ల పీటల మీదికి తెచ్చిండు.

భోజనాల కాడ చిన్నమ్మే నాకు వడ్డించనీకి వచ్చింది. మీ బాపు ఎందుకు రాలేదని నిలదీసింది. బొట్టు గడప కాడ పెట్టాల్సిందంటున్నడని చెప్పిన.

"గడప తొక్కితే తలుపు మొఖం మీద వేస్తనని ఊరంతా చాటింది మీ బాపే గద."

ఆ ముచ్చట నాకు తెల్వది. కానీ అని ఉంటడని వెంటనే నమ్మిన. ఏ చుట్టంతోనో ఫోన్‌ల ఆవేశపడి ఉంటడు. ఆయన ఆవేశానికి సిగ్నల్ ఎప్పుడూ ఫుల్లే. అందుకే ఆ ఆదివారం సంగతి కూడా చెప్పేసిన. పొద్దటి నుంచి తయారై, మిఠాయి తెప్పించి, మీ కోసమే కూసున్నడన్న.

చిన్నమ్మ చేతిల గంటె ఆగింది. ఏడుస్తదేమోనని నేను సర్దుకొని కూసున్న.

"గంత ఎదురుచూసినోడు ఒక్క మాట ఫోన్ చేయలేడా?"

విస్తరిల అన్నం పెట్టింది. కూర గిన్నె పట్టుకొని పక్క వరుసకు పోయింది.