పై గిన్నెలో టమాటా పప్పు

నందిగామలో మేం అద్దెకున్న పదకొండేళ్ళూ ఆ ఇంట్లో పెద్దమాంసం వండలేదు. ఇల్లుగలావిడ వాళ్ళది కిరాణా హోల్‌సేల్ వ్యాపారం. మనిషి మంచిది. నాకు బడికి ఆలస్యమైన రోజుల్లో మా పిల్లకు ఆవిడే జడలు వేసి పంపేది. పెట్టిన షరతు ఒక్కటే. "మీరేం తింటారో నేనడగనండి. అది మాత్రం ఈ పొయ్యి మీద పెట్టకండి" అంది. నేను లెక్కల టీచర్ని. ఇచ్చినదాంట్లో ఏముందో, ఏం లేదో చూసుకోవడం నాకలవాటు. వండొద్దంది గానీ తినొద్దనలేదు.

అందుకని మా అమ్మ వండి తెచ్చేది. నెలకో ఆదివారం తెల్లారకముందే జగ్గయ్యపేటలో మాంసం తెచ్చుకుని, కూర చేసి, ప్రార్థన అవగానే క్యారియర్ పట్టుకుని బస్సెక్కేది. అడుగు గిన్నెలో కూర, పై గిన్నెలో టమాటా పప్పు. బస్సులో గానీ, మా మెట్ల దగ్గర గానీ ఎవరైనా "ఏం తెచ్చారు పెద్దమ్మా" అంటే పై మూత తీసి చూపించేది. నాకు ఒళ్ళు మండేది. నేను రెండు డిగ్రీలు చదివి ఉద్యోగం చేస్తుంటే, మా అమ్మ నా ఇంటికి దొంగసరుకు తెచ్చినట్టు రావడమేంటి అని. పైకి అనేదాన్ని కాదు. అంటే కూర మానేస్తుందని భయం. ఆ కూర అలాంటిది మరి.

మొన్నటేడు సొంత ఇంట్లోకి వచ్చాం. నా కోరిక ఒక్కటే. నా పొయ్యి మీద, నా చేత్తో, కిటికీ బార్లా తీసిపెట్టి వండాలి. ఏం వండాలో మాత్రం మా అమ్మాయి తేల్చింది. ఇంటర్ చదువుతోంది, తిండీ నిద్రా కొరియా సీరియళ్ళే. చిలగడదుంప పిండితో చేసిన నూడుల్స్ ఆన్‌లైన్‌లో తెప్పించింది. ఎండినప్పుడు ప్లాస్టిక్ వైరులా ఉంటాయి, ఉడికితే గాజులా మెరుస్తాయి. వాటిలో క్యారెట్టు, పాలకూర, సోయా సాసులో నానబెట్టి వేయించిన పల్చటి బీఫ్ ముక్కలు కలపాలట.

అమ్మకు ఫోన్ చేసి మూడుసార్లు చెప్పాను. "పచ్చి మాంసమే తేవాలి. వండొద్దు. కడగను కూడా కడగొద్దు."

"సరేలేవే, చెవుడా నాకు" అంది.

ఆదివారం మధ్యాహ్నం దిగింది. ముక్త్యాల సిమెంటు లారీల వెనక బస్సు ఇరుక్కుపోయిందట, చెమటలు కక్కుతూ వచ్చింది. చేతిలో అదే క్యారియర్. అది చూడగానే నాకు అనుమానం వచ్చింది. మా అమ్మాయి ఆగలేక మూత తీసింది. టమాటా పప్పు. కింది గిన్నె తీసింది. నూనె తేలుతూ, ధనియాలూ లవంగాలూ ఘుమఘుమలాడుతూ, చక్కగా వండిన కూర.

"ఇన్నిసార్లు చెప్పా కదమ్మా" అని అరిచాను.

అమ్మ కుర్చీలో కూలబడింది. "ఏం చెయ్యనే? పొద్దున్నే పొయ్యి వెలిగించా. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. బస్సెక్కి కూర్చున్నాక గుర్తొచ్చింది, వండేశానని."

"మరి పప్పెందుకు? ఇది మన ఇల్లు కదా."

అమ్మ క్యారియర్ మూత పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది. నా కోపమంతా ఎటు పోయిందో పోయింది. అరిచినందుకు సిగ్గేసింది.

ఆ కూరనే నూడుల్స్‌లో కలిపి తిన్నాం. మా అమ్మాయి రెండోసారి వడ్డించుకుంటూ, "అమ్మమ్మా, ఇది కొరియా దాకా పోలేదు, కోదాడ దగ్గర దిగిపోయింది" అంది. అమ్మ పొలమారేదాకా నవ్వింది.

మళ్ళీ నెల అమ్మ క్యారియర్ లేకుండా సంచీతో వచ్చింది. అందులో పచ్చి మాంసం. మళ్ళీ చెయ్యి తప్పుతుందేమోనని ముందురోజు రాత్రే గ్యాస్ సిలిండరు కట్టేసి పడుకుందట, పొద్దున కాఫీ కూడా తాగలేదు. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపడనిచ్చిన ముక్కను, కత్తిపీట ముందేసుకుని ఉల్లిపొరల్లా కోసింది. సోయా సాసు, వెల్లుల్లి, నువ్వుల నూనె వేసేదాకా ఊరుకుంది. నేను పంచదార డబ్బా తీసేసరికి చెయ్యి పట్టుకుంది.

"మాంసంలో పంచదారేంటే, పాయసమా?"

"కొరియావాళ్ళు వేస్తారమ్మమ్మా" అంది పిల్ల.

"వేస్తార్లే. వాళ్ళకి చెప్పేవాళ్ళు లేక."

బాణలి వేడెక్కింది. ముక్కలు వెయ్యగానే చుయ్యిమంది, వాసన గుప్పుమంది. అమ్మ చటుక్కున లేచి వంటింటి కిటికీ రెక్క మూసింది. నేను గరిటె వదిలేసి వెళ్ళి తెరిచాను. అమ్మ మళ్ళీ చెయ్యి చాపింది. "వద్దమ్మా" అన్నాను. అమ్మ నా మొహంలోకి చూసి చెయ్యి దించుకుంది గానీ, కిటికీ దగ్గరనుంచి మాత్రం కదల్లేదు.

సరిగ్గా అప్పుడే గోడ అవతల బట్టలారేస్తున్న పక్కింటావిడ తల ఎత్తింది. కొత్తగా వచ్చారు, వాళ్ళేం తింటారో మాకు తెలియదు. "ఏం వండుతున్నారండీ, వీధంతా వాసన?" అని అడిగింది.

నేను కదల్లేదు. అమ్మ నోట టమాటా పప్పు వస్తుందని నాకు తెలుసు, పదకొండేళ్ళ మాట అది. అమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. కిటికీ ఊచ పట్టుకుంది.

"పెద్దమాంసమండీ" అంది. "మా మనవరాలికని. కొరియా వంట."

ఆవిడ "అలాగా అండీ" అని మరో చీర దులిపి దండెం మీద వేసుకుంది. అంతే. ఈ మాత్రం దానికోసం ఇన్నేళ్ళు మోసింది మా అమ్మ ఆ పై గిన్నె.

నేను అమ్మ వైపే చూస్తున్నాను. అమ్మ ఇంకా ఊచ వదల్లేదు.

"నన్నేం చూస్తావే" అంది. "అడుగంటుతోంది, కలుపు."