పక్క వీధి దుకాణంలో ఫెలీసా మాటలు

మా మక్తాన్ దీవిలో గిటార్లు చేసేవాళ్లకు కొదవ లేదు. ఫెలీసా మా పక్కింటి గిటార్లవాళ్లకు కోడలిగా వచ్చేనాటికి ఆమెకు గిటార్ పట్టుకోవడం కూడా రాదు. ఇప్పటికీ రాదు. కానీ భర్త నెస్టర్ చేసే గిటార్ల గురించి రాయడం ఆ ఇంట్లో ఆమెకే చేతనైంది. పనస చెక్క ఎందుకంత బాగా పలుకుతుంది, చెమ్మ తగిలితే ఏం చేయాలి, అత్తగారు ఆసియాంగ్ ఈ వయసులోనూ తీగలు తన చేత్తోనే ఎలా బిగిస్తుంది, అన్నీ అడిగి తెలుసుకుని తమ వెబ్‌సైట్‌లో పెట్టింది. అవి చదివి దూరపు ఊళ్లవాళ్లు గిటార్ల కోసం ఫోన్ చేసేవారు.

ఒకరోజు దావావో నుంచి ఒకాయన ఫోన్ చేసి మండిపడ్డాడు.

"ఏమ్మా, గిటార్ మెడ అప్పుడే వంగిపోయిందేంటి?"

"మేం దావావోకి ఈ మధ్య ఏదీ పంపలేదే సార్."

"పంపకపోవడమేంటి? నెట్‌లో వెతికితే ఈ నంబరే వచ్చింది. ముసలావిడ తీగలు బిగిస్తుందని రాసింది మీరు కాదా?"

ఆయన చెప్పిన వెబ్‌సైట్ పక్క వీధిలో గిటార్ల దుకాణం ఉన్న రెనాతో అనే అతనిది. తెరిచి చూస్తే అన్నీ ఫెలీసా రాసిన మాటలే, పొల్లు పోకుండా. అత్తగారి ఫోటో కూడా ఉంది. దాని కింద 'మా అమ్మ' అని.

నెస్టర్ చేతిలో ఉలి పట్టుకునే లేచాడు. "వాడి సంగతి ఇప్పుడే తేలుస్తా."

"నువ్వు కూర్చో. ముందు ఇవన్నీ ఫోటోలు తీసి దాచుకోనీ. తర్వాత అత్తయ్యా నేనూ వెళ్తాం."

వాళ్లు వెళ్లేసరికి నేను రెనాతో దుకాణంలోనే ఉన్నాను, తీగలు కొనుక్కుంటూ. ఆసియాంగ్ గొడుగు పక్కన పెట్టి తీరిగ్గా కూర్చుంది.

"ఏరా, నేను నీకు అమ్మనట కదా? కన్న సంగతి నాకెవరూ చెప్పలేదే!"

మేమందరం గొల్లుమన్నాం. రెనాతో మొహం మాడిపోయింది. "నాకేం తెలుసు పెద్దమ్మా? అదంతా మా మేనల్లుడు చేశాడు."

"ఇప్పుడు తెలిసింది కదన్నా, ఎప్పుడు తీసేస్తావ్?" అంది ఫెలీసా.

"రేపే."

ఫోటో పోయింది. మాటలు పోలేదు. ఎన్నిసార్లు అడిగినా రేపే అన్నాడు. అత్తగారి పక్కన కూర్చుని ఏళ్ల తరబడి నేర్చుకున్నది ఇంకొకడు ఊరికే ఎత్తుకుపోయాడన్నదే ఫెలీసా బాధ. చివరికి ఆ వెబ్‌సైట్‌కి చోటిచ్చిన కంపెనీకి రాసింది. తన రాతలు ముందువని చూపించింది. వాళ్లు అడిగినవాటికల్లా ఓపిగ్గా జవాబు పంపింది. ఆఖరికి రెనాతో పేజీ మాయమైంది.

ఆ సాయంత్రమే అతను గేటు దగ్గరికొచ్చి అరిచాడు. "నా పొట్ట కొట్టావు కదా!"

"నీ పొట్ట జోలికి రాలేదన్నా. నా మాటలు నేను తెచ్చుకున్నాను."

అతను గొంతు తగ్గించి, "నాకు రాయడం రాదు. ఏం పెట్టమంటావ్?" అన్నాడు.

"స్కూలు పిల్లలు వాయించే ఆ చిన్న తీగవాద్యాలు, బందూర్రియాలు, నీ అంత బాగా ఈ దీవిలో ఎవరు చేస్తారు? వాటి గురించి ఒక్క ముక్కయినా పెట్టావా?"

"అందులో చెప్పడానికేముంది?"

"పద్నాలుగు తీగలు ఒకదానికొకటి తగలకుండా ఎలా కుదురుస్తావ్? అది చెప్పు."

అతను గేటు పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. కాసేపటికి రెండు చేతులూ గాల్లో కొలతలు తీస్తున్నాయి. ఫెలీసా అతని ఫోన్ తీసుకుని అదంతా రికార్డు చేసి, తిరిగి అతనికే ఇచ్చింది.

"ఇది విని మీ మేనల్లుణ్ణి రాయమను. నా వాక్యం ఒక్కటి కనిపించినా మళ్లీ కంపెనీకి రాస్తాను."

రెనాతో కొత్త పేజీలో వాక్యాలు కాస్త వంకరగా ఉన్నాయి కానీ, అచ్చం అతను మాట్లాడినట్టే ఉన్నాయి. పోయిన నెల లేయ్టే దీవి నుంచి ఒక టీచరు బందూర్రియాలు కావాలంటే ఫెలీసా రెనాతో నంబరు ఇచ్చింది.

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు నెస్టర్. అతనికి రెనాతోతో ఇంకా మాటల్లేవు.

"అవి మనం చేయం కదా. అది సరే, తుఫాను నీళ్లలో నానిన గిటార్ గురించి రాస్తున్నాను. ఎండలో పెట్టకూడదా?"

"ఎండలోనా! చీలిపోదూ?" కోపం మరిచిపోయి ఆమె పక్కన కూర్చున్నాడు నెస్టర్. "నీడలో పెట్టాలి. ముందు తీగలు వదులు చేయమని రాయి."