అడీచ్ సూత్

పట్టణాలను రోడ్లతో, ఇంటర్నెట్‌తో కలిపితే కొత్తవి కనిపెట్టేవాళ్లు పెరుగుతారని ఆదిలాబాద్ సమావేశంలో ఒక అధికారి గంటసేపు చెప్పారు. నాకు కునుకు పట్టబోతుంటే జేబులోని ఇనుప ఇరుసు తొడకు చల్లగా గుచ్చుకుంది. ఖాజా ఉస్తాద్ గుర్తొచ్చాడు. కరీంనగర్‌లో లేత్ మిషన్ నడిపేవాడు. ఇప్పుడు లేడు.

ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టిన నేను, మా ఊరు బోథ్‌లో పత్తి గింజలు సాళ్లలో ఒక్కొక్కటే రాల్చే బండి తయారుచేశాను. దాని చక్రానికి సన్నటి ఇరుసు కావాలి. అంత నున్నగా తిప్పే చెయ్యి నాకు తెలిసి ఉస్తాద్‌దే. సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకెక్కి, "ఇరుసు మందం అడీచ్ సూత్!" అని ఫోన్లో అరిచాను. మరాఠీ గాలి తగిలిన మావైపు అడీచ్ అంటే రెండున్నర. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. తెగుతూ అతుకుతూ వెళ్లిన నా మాట ఆయనకు "ఆధా ఇంచ్" అని వినబడింది. అరంగుళం! కావలసినదానికన్నా ఒకటిన్నర సూత్, మా మాటలో దీడ్, లావు.

ఆ ఇరుసైనా తిన్నగా వచ్చిందా? మూడు బస్సులు మారి, ప్రతి బస్టాండులో విడిది చేసి, నాలుగు రోజులకు పెళ్లికొడుకులా దిగింది. చక్రంలో దూరలేదు. అప్పటికే తొలివాన పడింది. తడి ఆరేలోపు విత్తకపోతే బండిని పరీక్షించడానికి మళ్లీ ఏడాది ఆగాలి. నన్ను నమ్మి చేను విత్తకుండా ఆపుకొన్న పొరుగు రైతు పోశన్న గట్టుమీద నిలబడి అన్నాడు:

"తమ్మీ, నీ బండి కదిలేవరకు నా చేను ఎండుతది. రేపు పొద్దుగూకేదాక చూస్త, గంతే."

మళ్లీ ట్యాంకెక్కాను. మర్నాడు మధ్యాహ్నం ఉస్తాదే దిగాడు, నడుం పట్టుకొని, రోడ్డును తిట్టుకుంటూ. సంచిలో మూడు ఇరుసులు.

"మూడెందుకు ఉస్తాద్?"

"రెండు సూత్‌లది, రెండున్నరది, మూడుది. నీ ఫోన్ మీద భరోసా పోయింది బేటా. గీ బస్సులల్ల నా నడుం గూడ అరిగింది, దాన్ని గూడ లేత్‌కెక్కియ్యాలె."

"తప్పు నాదే."

"చెప్పినోనిది కాదు, విన్నోనిది కాదు. ఏం విన్నవో మల్ల చెప్పమని ఇద్దరం అడగలే. గదీ తప్పు."

రెండున్నరది సరిగ్గా దిగింది. పొద్దుగూకేసరికి సగం చేను విత్తాం. చివరి సాళ్లలో పోశన్నే బండి తోశాడు, నన్ను ముట్టనియ్యలేదు.

ఆ లావు ఇరుసు అప్పటినుంచీ నా జేబులోనే ఉంది. సమావేశంలో అధికారి నావైపు చూసి, "ఈ ఊళ్లను కలిపితే మీకేం లాభం?" అని అడిగారు. ఇరుసు తీసి బల్లమీద పెట్టాను.

"దీడ్ సూత్, సార్. ఫోన్ల మాట తెగకుంటే గీ ఇరుసు గంత సన్నగైతది."

ఆయన నవ్వి, ఏదో రాసుకోబోయారు.

"ఆగుండ్రి సార్. ఏం విన్నరో జర మల్ల చెప్పుండ్రి."